చదువుకు చోటు వెతికినవాళ్లు

కర్నూలులో ఉంటున్న మా అమ్మాయి సుజాత, తన కూతురు మేఘన చదువుకోవడానికి ఒక గది తయారు చేయించింది. నన్ను రమ్మని పిలిచింది ఆ గదిని చూసి మెచ్చుకోవడానికి కాదు. అంత గదిలో కూడా చదువు ఎందుకు సాగడం లేదో కనిపెట్టడానికి. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి ఇంట్లో కూర్చున్నదాన్ని కాబట్టి ఇలాంటి రోగాలకు నా దగ్గర మందు ఉంటుందని దాని నమ్మకం. నాకూ ఆ నమ్మకమే ఉండేది. అందుకే రెండు చీరలు సంచిలో పెట్టుకుని, దారిపొడవునా చెప్పబోయే సలహాలను వరసలో పేర్చుకుంటూ కడపలో బస్సెక్కాను.

గది నిజంగానే బాగుంది. గోడలకు లేత ఆకుపచ్చ రంగు వేయించారు. ఆ రంగు చూస్తే పిల్లల మనసు కుదుటపడుతుందని ఎవరో వీడియోలో చెప్పారట. ఎత్తు పెంచుకునే కుర్చీ, ఎటు వంచితే అటు వంగే దీపం, కిటికీకి రెండు పొరల తెర, పెన్సిళ్లకు ఒక గూడు, రబ్బర్లకు వేరే గూడు. సాయంత్రం ఐదయ్యేసరికి మేఘన లోపలికి పోయి కూర్చుంటుంది. అప్పటినుంచి ఆరున్నర దాకా ఇల్లంతా మౌనవ్రతం పాటిస్తుంది. అల్లుడు ఇంటినుంచే కంప్యూటర్ పని చేస్తాడు. ఆ గంటన్నర మాత్రం తుమ్ము వచ్చినా వరండాలోకి పోయి తుమ్మి వస్తాడు. నేను వెళ్లింది ఆదివారం. సాయంత్రం పప్పులోకి పోపు పెడదామని బాణలి పొయ్యిమీద పెట్టానో లేదో సుజాత పరుగెత్తుకొచ్చి స్టవ్ ఆపేసింది.

"అమ్మా, ఆరున్నర దాకా చిటపటలు వద్దే. పాప చదువుకుంటాంది."

ఆవాలు కూడా పిల్లల చదువుకు శత్రువులని ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నాకు తెలియలేదు, ఆ రోజు తెలిసింది.

ఇన్ని ఉన్నా మేఘన డైరీలో వారానికి రెండుసార్లు ఎర్ర సిరాతో ఒకటే మాట వస్తోంది, హోంవర్కు చేయడం లేదని. అన్నిటికంటే తెలుగు పుస్తకం ఘోరంగా ఉందని సుజాత చెప్పింది. మేఘన ఏడో తరగతి. మంచి పిల్ల, మాట తక్కువ. "గదిలో కూర్చోడం మాత్రం బుద్ధిగా కూర్చుంటాది. నేనే సూస్తాంటా కదా" అంది సుజాత. ఎలా చూస్తావు, నువ్వు బ్యాంకునుంచి వచ్చేది ఏడింటికి కదా అంటే, గది లోపల తలుపుపైన నిమ్మకాయంత నల్లటి వస్తువు చూపించింది. కెమెరా. బ్యాంకులో తన కుర్చీలో కూర్చుని ఫోన్లో కూతురి చదువు చూసుకుంటుందట.

మరునాడు సోమవారం సాయంత్రం, ఉతికిన దుప్పటి పెట్టే నెపంతో ఆ గది తలుపు కొంచెం తెరిచి చూశాను. మేఘన కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. ముందు నోటుపుస్తకం. కాసేపు పెన్ను నడుపుతుంది. ఆగుతుంది, చెంపమీద వేలు పెట్టుకుని ఆలోచిస్తుంది. పేజీ తిప్పుతుంది. మళ్లీ పెన్ను నడుపుతుంది. తలుపు దగ్గరనుంచి చూస్తే చదువులతల్లి స్వయంగా వచ్చి కూర్చున్నట్టే ఉంది. రెండడుగులు లోపలికి వేస్తేగానీ తెలియలేదు. పెన్ను కాగితానికి తగలడం లేదు. వెంట్రుకవాసి ఎడంలో గాలిలో రాస్తోంది. పేజీ తెల్లగా ఉంది.

ఇంకొక అవ్వ అయితే ఆశ్చర్యపోయేది. నేను దుప్పటి అక్కడే పెట్టి చల్లగా బయటికి వచ్చేశాను. ఆ విద్య నాకు కొత్త కాదు. ఆ వయసులో నేను అందులో ఆరితేరినదాన్ని.

మాది ఒంటిమిట్టకు పోయే దారిలో నేతగాళ్ల ఊరు. మా ఇల్లు ఇల్లు కాదు, మగ్గానికి వేసిన కప్పు. పొడుగ్గా ఒకే గది, అందులో సగం మగ్గానిది, మిగిలిన సగంలో మేమూ, పొయ్యీ, నూలు మూటలూ. మా నాయన ఓబులేసు మగ్గం గుంటలోకి కాళ్లు దించి పొద్దున్నే కూర్చున్నాడంటే ఇక నడుముపైన ఉన్న మనిషే మాకు కనపడేవాడు. నిలువు పోగుల మధ్య నూలు లాక్కుంటూ నాడె అటూ ఇటూ పరుగెత్తే చప్పుడు ఎంతగా చెవులకు అలవాటైందంటే, అది ఆగితేనే మాకు ఉలిక్కిపాటు. నూలుకు పట్టించే గంజి వాసన గోడల్లోనూ, దుప్పట్లలోనూ, బడికి పట్టుకుపోయే సద్దిలోనూ ఉండేది. అమ్మ ఒక మూల రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. కండె అంటే నాడె కడుపులో పెట్టే చిన్న నూలు చుట్ట. ఎన్ని చుట్టినా మగ్గం మింగేసి ఇంకా కావాలనేది. బడినుంచి వచ్చిన పిల్లలకు ఆ పని వారసత్వంగా ఉండేది. మా జేజి, అంటే నాయన తల్లి, వాకిట్లో కూర్చుని వక్కాకు నములుతూ ఈ రాజ్యాన్నంతా నోటితో పాలించేది.

నేను ఆరో తరగతిలో ఉండగా లెక్కల సారు కబురు పంపాడు. "మీ చౌడమ్మ ఇంటిపని చేసుకురావడం లేదు" అని. చౌడమ్మ నేనే. మా నాయన నాడె ఆపకుండానే తీర్పు చెప్పేశాడు.

"ఇంగ బడి సాలు. కండెలు సుట్టేదానికి మనిషి లేక నేను సస్తాండా. దాన్ని ఈడ కూర్చోబెట్టు."

జేజి వాకిట్లోనుంచే అరిచింది. "ఒరే ఓబులేసూ, బిడ్డ తప్పేముండాదిరా? ఈ దడదడలో నీ పేరు నీకే ఇనపడదు. దానికి కుదురైన తావు లేదు, అంతే. నేను సూస్తా."

అలా మొదలైంది తావు వెతుకులాట. మొదటి తావు మా ఇంటి అటక. అక్కడ ఎండుమిరపకాయలు, చింతపండు కుండలు, తాతకాలపు విరిగిన మగ్గం చెక్కలు ఉండేవి. జేజి నన్ను నిచ్చెనమీద ఎక్కించి, పుస్తకాలు అందించి, నిచ్చెన తీసేసింది. దిగే దారి లేకపోతే చదువు దానంతట అదే వస్తుందని ఆమె సిద్ధాంతం. తను కింద నిలబడి చెవి పైకి పెట్టేది. మిరపఘాటుకు నేను తుమ్మినప్పుడల్లా "సదువు, సదువు" అనేది. ఆమెకు అక్షరం ముక్క రాదు. కాగితం చప్పుడైతే చదువుతున్నట్టు, లేకపోతే నిద్రపోతున్నట్టు. నేను ఆ రహస్యం రెండోరోజే పట్టేశాను. ఒకే పేజీని అటూ ఇటూ తిప్పుతూ చింతపండు చప్పరించేదాన్ని. వారం తిరిగేసరికి నోరు పూసింది, లెక్కలు మాత్రం అట్లాగే ఉన్నాయి.

రెండో తావు భజన మందిరం. అక్కడ దేవుడి ఎదుట గట్టిగా మాట్లాడరని జేజి అనుకుంది. పగలంతా అక్కడ కూర్చునే నలుగురు ముసలాళ్లు పులిజూదం ఆడతారన్న సంగతి ఆమె లెక్కలోకి తీసుకోలేదు. వాళ్లలో వాళ్లకు నమ్మకం లేక, పెద్దమనిషి తీర్పుకు నన్ను పెట్టుకున్నారు. నెల్లాళ్లలో ఆ ఊళ్లో పులిని కట్టేయడంలో నన్ను మించినవాళ్లు లేరు. జేజి తొంగి చూసినప్పుడల్లా ఐదు తలలు కిందికి వంచి దీక్షగా ఏదో చూస్తూ కనపడేవి. ఆమె మురిసిపోయి ఇంటికి పోయేది.

మూడో తావు ఊరి చివర బండల షెడ్డు. నల్లబండలు కోసి పాలిషు పట్టే చోటు. మాబున్నమ్మ అనే ఆవిడ దాన్ని నడిపేది. జేజికి వక్కాకు స్నేహితురాలు. అక్కడ మిషను రొద మా మగ్గాన్ని మించి ఉండేది. కానీ జేజి అప్పటికి అలిసిపోయి, "ఆ శబ్దం వేరే, మన శబ్దం వేరే" అని కొత్త సూత్రం కనిపెట్టింది. మాబున్నమ్మ చెడ్డది కాదు. "రా బేటీ, యాడైనా కూర్చో, రాసుకో" అని బండలమీద కొలతలు రాసే ఎర్ర సుద్ద చేతికిచ్చింది. గోడకు ఆనించిన నున్నటి నల్లబండలు, మనిషంత ఎత్తు. వాటిమీద రాస్తుంటే ఎంత గొప్పగా ఉండేదో! రెండంకెల భాగహారాలు పైనుంచి కింది దాకా దించేదాన్ని. అన్నీ తప్పులే. తప్పని నాకు తెలుసు. భాగహారంలో మూడో మెట్టు దగ్గర ఏం చేయాలో నాకు మొదటినుంచీ అర్థం కాలేదు. సారును అడిగితే బెత్తం, నాయనను అడిగితే రాట్నం. అందుకని అందమైన అంకెలతో తప్పుడు లెక్కలు చేయడమే నాకు మిగిలింది.

ఆ సుద్ద నీళ్లు పోసినా ఒక పట్టాన పోదు. అదే కొంప ముంచింది. ఒకరోజు షెడ్డునుంచి ఒక బండి బండలు లెక్కల సారు కట్టుకుంటున్న కొత్త ఇంటికి పోయాయి. ఏ ఇంటికి పోతున్నాయో నాకు తెలియదు. మాబున్నమ్మకు తెలిసినా అందులో ఆమెకు తప్పేం కనపడుతుంది? సారు వంటింటి బండ తిప్పి చూసుకుంటే, ఆయన తరగతిలో ఇచ్చిన లెక్కే, నా చేతిరాతే, ఆయన కలలో కూడా ఊహించని జవాబుతో.

సారు మా ఇంటికే వచ్చాడు. మగ్గం పక్కన నిలబడి, ఇంత గొంతు వేసుకుని చెప్పాడు. "ఓబులేసప్పా, నీ కూతురు తప్పుడు లెక్కలు పుస్తకంలో సాలక నా ఇంటి బండలమీద గూడా రాసింది. రేపు నేను వంటింట్లో వాటిని తొక్కుతా తిరగల్లా?"

ఆ రోజు మగ్గం ఆగింది. నాయన గుంటలోంచి లేచి, నా సంచి తీసి చిలక్కొయ్యకు తగిలించాడు. అమ్మ పక్కన రెండో రాట్నం వేశాడు. జేజి దగ్గర ఉన్న తావులన్నీ అయిపోయాయి.

పది రోజులు కండెలు చుట్టాను. నా స్నేహితురాళ్లు బడికి పోతూ మా వాకిలి దాటేటప్పుడు తల ఎత్తేదాన్ని కాదు. చదువుమీద ప్రేమ అని చెప్పలేను. నాకు ఆ రాట్నం ముందు ముసలిదాన్ని అయిపోతానన్న భయం. పదకొండోరోజో ఏమో, అమ్మ పడుగుకు పోగులు లెక్కపెట్టి కట్టలు కడుతోంది. ఆమె సంతకం కూడా పెట్టలేదు, వేలిముద్రే. పని మధ్యలో, నా వైపు చూడకుండా అడిగింది.

"ఆ సంచిలో లెక్కల పుస్తకం తే మే. నీకు యాడ తెలీకుండా పోయిందో ఆడ సూపీ."

అన్నాళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేను పుస్తకం తెచ్చి మూడో మెట్టు చూపించాను. అమ్మ చాలాసేపు చూసింది. పుస్తకాన్ని ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"నాకూ తెలీదు" అంది.

నాకు ఏడుపు వచ్చింది. అమ్మ నవ్వింది. "ఏడుస్తావేమే? ఇద్దరం తెలీనోళ్లమే గదా, మనలో మనకు సిగ్గెందుకు? అందులో ఏమి అడుగుతాండారో సదివి సెప్పు."

చెప్పాను. ఎనిమిది వందల అరవై నాలుగును ఇరవై నాలుగు భాగాలు చేయాలి. అమ్మ ముఖం తేటపడింది. "అంటే ఎనిమిదినూర్ల అరవై నాలుగు పోగులు, ఇరవై నాలుగు కట్టలు. ఇదేనా? ముందు ఒక్కో కట్టకు పదిపది ఇయ్యి. ఎన్ని పాయె?"

"రెండు నూర్ల నలభై."

"ఇంగా శానా ఉండాయి. మళ్లా పదిపది ఇయ్యి."

మూడుసార్లు పది చొప్పున ఇచ్చాక నూట నలభై నాలుగు మిగిలాయి. ఈసారి పది ఇవ్వడానికి చాలవు. "ఐదిస్తే?" అంది అమ్మ. ఇచ్చాం. ఇరవై నాలుగు మిగిలాయి. "ఇంగొక్కొక్కటి" అన్నాను నేనే. ముప్పై ఆరు. ఒక్క పోగు మిగల్లేదు. పుస్తకం వెనక జవాబు చూస్తే ముప్పై ఆరే. అమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఇద్దరు దొంగలు గోడ దూకినంత సంతోషం. సారు మూడో మెట్టులో చేసేది ఏమిటో అప్పుడు నాకు మెల్లగా తెలిసింది. తెలిసింది అమ్మకు చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు, తన పద్ధతే మేలు అంది. వాదించుకున్నాం. మగ్గం దడదడలాడుతూనే ఉంది. గంజి కంపు కొడుతూనే ఉంది. మా ఇద్దరికీ అవేమీ తెలియలేదు.

నాలుగు రోజుల తర్వాత పొద్దున నేను లేచేసరికి కండెల గంప గోపురంలా నిండి ఉంది. అమ్మ ఎప్పుడు లేచి చుట్టిందో తెలియదు. నాయన గంప చూశాడు. చిలక్కొయ్యనుంచి సంచి తీసుకుంటున్న నన్ను చూశాడు. గుంటలోకి దిగి నాడె చేతిలోకి తీసుకున్నాడు.

తర్వాతి కథ మా బంధువులంతా చెప్పుకునేదే. నేను పదో తరగతి దాటాను, టీచరు ట్రైనింగు అయ్యాను, ఉద్యోగం వచ్చింది. ఆ ఘనత పంచుకోవడానికి ఇంట్లో పెద్ద పోటీ. "నేను రాట్నం ముందర కూర్చోబెట్టకపోయింటే దానికి బుద్ధి వచ్చేదా?" అని నాయన ప్రతి పెళ్లిలోనూ చెప్పేవాడు. "అటకమీద నేను ఎక్కించిన సదువు అది" అని జేజి చివరిదాకా నమ్మింది. లెక్కల సారు నా సన్మానానికి వచ్చి, తన బెత్తం గురించి పది నిమిషాలు మాట్లాడాడు. అమ్మ ఆ సభలో వెనక వరసలో కూర్చుని, శాలువా నేత పలచగా ఉందని పక్కావిడతో అంటోంది.

వాళ్లను ఎగతాళి చేసే అర్హత నాకు ఉందని ఇన్నాళ్లూ అనుకున్నాను. మంగళవారం నాడు అదీ పోయింది.

ఆ సాయంత్రం ఐదు కాకముందే గది బయట నడవలో, కెమెరా కన్ను పడని చోట, మేఘన పక్కన కూర్చుని అడిగాను. "గాల్లో ఎందుకు రాస్తాండావే?"

అది భయపడలేదు. తోటి దొంగను గుర్తుపట్టినట్టు చూసింది. "కాగితంమీద రాస్తే తప్పొస్తాది అవ్వా. తప్పొస్తే కొట్టేయాల. కొట్టేస్తే అమ్మకు ఫోన్లో కనపడతాది. ఎంటనే ఫోన్ చేస్తాది, ఏం కొట్టేసినావు అని."

నేను లేచి, ఆరేయడానికి తెచ్చిన నా తడిచీరను ఆ కెమెరా మీదుగా వేలాడదీశాను. ఐదు నిమిషాల్లో ఫోన్ మోగింది.

"అమ్మా, పాప రూంలో ఏమీ కనపడ్డంలేదు, అంతా నల్లగా ఉండాది!"

"నల్లది కాదు, ముదురు నీలం. నా చీర."

ఏడింటికి సుజాత ఇంటికి వచ్చింది, చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది. "అసలు ఇదంతా యాడ నేర్చుకున్నానమ్మా నేను? నీ దగ్గర కాదూ? చిన్నప్పుడు నువ్వు నన్ను వెంటబెట్టుకుని పోయిన ప్రతి మీటింగులోనూ తల్లిదండ్రులకు చెప్పేదానివి కదా, పిల్లలకు వేరే చోటు ఉండాలి, నిశ్శబ్దం ఉండాలి, ఒకే టైము ఉండాలి, పెద్దల కన్ను ఉండాలి అని. నాకు నోటికి వచ్చు. అన్నీ చేసినా. ఇంకేం తక్కువైంది?"

నిజమే. ముప్పై ఏళ్లు ఆ మాటలు చెప్పాను, చప్పట్లు కొట్టించుకున్నాను. అంటే అటకనూ, నిచ్చెననూ, కింద నిలబడి చెవి పెట్టిన జేజినీ శుభ్రమైన భాషలోకి మార్చి ఊరంతా పంచాను. రాట్నం పక్కన కూర్చుని "నాకూ తెలీదు" అన్న మనిషి గురించి ఒక్క మీటింగులోనూ చెప్పలేదు. ఎలా చెప్తాను? వేలిముద్ర వేసే అమ్మ దగ్గర భాగహారం నేర్చుకున్నానంటే టీచరమ్మకు మర్యాదేముంటుంది? పాతకాలం మంచిదని నేనేం అనను. ఆ అటకకంటే ఈ గది వెయ్యిరెట్లు నయం, ఇందులో తుమ్ములు రావు. కానీ అప్పుడు పెద్దలు పుస్తకం తెరవకపోవడానికి వాళ్లకు చదువు రాకపోవడం ఒక సాకు. ఇప్పుడు డిగ్రీలు గోడకు తగిలించుకున్న ఇంట్లో కూడా పుస్తకం తెరిచిన వాళ్లు లేరు. కన్ను మాత్రం పెట్టారు.

మేఘనను పిలిచి తెలుగు నోటు తెమ్మన్నాను. సంధులు. విడదీసి పేరు రాయాలి. ఒక్కటీ రాయలేదు. సుజాత చేతిలో పెట్టి అడిగాను. "నీకు వచ్చా?"

సుజాత ఇంగ్లీషు మీడియంలో చదివింది. బ్యాంకులో పదిమందిమీద అధికారి. పేజీ చూసి, "ఇవన్నీ ఎప్పటివో అమ్మా" అని తప్పుకోబోయింది.

"వచ్చా, రాదా?"

కూతురి ముందు ఆ మాట అనడానికి దానికి ఎంత కష్టమైందో నాకు తెలుసు. "రాదు" అంది చివరికి.

మేఘన తల ఎత్తింది. "నీకూ రాదా?" ఆ గొంతులో ఆనందం దాచుకోవడానికి అది ఏమాత్రం ప్రయత్నించలేదు.

సుజాత హాల్లో నేలమీద కూర్చుంది. మొదటి మాట 'ఏమంటివి'. "ఏ, మంటివి" అని విడదీసింది. "మంటివి అంటే ఏందిమా?" అని మేఘన పడీపడీ నవ్వింది. సుజాతకు రోషం వచ్చి పుస్తకం లాక్కుంది. ఇద్దరూ వెనక పేజీల్లో సూత్రాలు వెతికారు, అరుచుకున్నారు, మేఘన మూడుసార్లు రాసి మూడుసార్లు కొట్టేసింది. అల్లుడు తలుపు సందులోంచి చూసి, తెలుగు అంటే తనకూ భయమే కాబట్టి మళ్లీ లోపలికి పోయాడు. చివరికి సుజాత ఓపిక నశించి నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పమ్మా. ఇది ఏ సంధి?"

ఇత్వసంధి. ఏమి, అంటివి. నాలుక చివరనే ఉంది. తరగతి గదిలో ఎవరైనా అడిగిన ప్రశ్నకు అర నిమిషం ఆగి ఎరగను నేను. రెండు ముఖాలు నా జవాబు కోసం చూస్తున్నాయి. చెప్పేస్తే మేఘన రాసుకుంటుంది, సుజాత లేచి చెప్పులు విప్పుకుంటుంది, అంతటితో అయిపోతుంది.

"నాకూ గుర్తు లేదే" అన్నాను.

సుజాత నమ్మింది. వయసైపోతోందని జాలిగా కూడా చూసింది. మేఘన నమ్మలేదు. నన్ను ఒక్క క్షణం అనుమానంగా చూసి, పుస్తకాన్ని తనకూ అమ్మకూ మధ్య నేలమీదికి లాక్కుంది.